ప్రాగ్ ఓర్లోయ్ గడియారం: 45 సెకన్ల కోసం ముప్పావు గంట నిలబడ్డాం. ఇంతేనా?

కిటికీసీటు | 27 డిసెంబరు, రాత్రి 9:40

క్రిస్మస్ సెలవులకి అమ్మని, మా ఆవిడని తీసుకుని ప్రాగ్ వచ్చాను. ఊరు బావుంది, చలి చంపేస్తోంది. నా గోడు మాత్రం ఆ ఖగోళ గడియారం గురించి.

నాలుగింటికి గంట కొడుతుంది, బొమ్మలు కదులుతాయి అంటే మూడుంబావుకే వెళ్ళి నిలబడ్డాం. క్రిస్మస్ సంత పక్కనే కావడంతో ఇసకేస్తే రాలనంత జనం. అందరి చేతులూ ఫోన్లతో పైకి. సరిగ్గా నాలుక్కి అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొట్టింది. పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని బొమ్మలు ఒక్కొక్కటిగా వచ్చిపోయాయి. చివర్లో బంగారు కోడిపుంజు జలుబు చేసినట్టు ఓ కూత కూసింది. అయిపోయింది. ముప్పావు నిమిషం ఉంటుందేమో. జనం నిట్టూర్చి చెదిరిపోయారు.

అమ్మ నా వైపు చూసి "ఇంతేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా చెప్పండి, ఇందులో నాకు తెలియని గొప్పతనం ఏమైనా ఉందా, లేక ఇది ఒట్టి టూరిస్టు సరుకా?

ఊరికే_అడిగా | 27 డిసెంబరు, రాత్రి 9:52

టూరిస్టు సరుకే బాసూ. నేను 2016లో చూశా. పక్కన నిలబడ్డ ఆయన ఫోను ఎవరో కొట్టేశారు, ఆ గొడవే ఎక్కువ రక్తి కట్టింది.

వల్తావా_వాసి | 27 డిసెంబరు, రాత్రి 10:15

తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. చుట్టాలు వచ్చిన ప్రతిసారీ అక్కడికి తీసుకెళ్ళడం నా డ్యూటీ, కాబట్టి మీ అమ్మగారి ప్రశ్న నాకు కొత్త కాదు.

మీరు చూసింది గడియారాన్ని కాదండీ, గడియారం పైనున్న తోలుబొమ్మలాటని. ఆ అపొస్తలుల (ఏసు పన్నెండుమంది శిష్యుల బొమ్మల) ఊరేగింపు 18వ శతాబ్దం చివరి రిపేర్లలో పెట్టింది. కోడిపుంజు ఇంకా కొత్తది, 1860ల నాటిది. అసలు గడియారం 1410 నాటిది. అంటే దాదాపు నాలుగు వందల ఏళ్ళు అపొస్తలులు లేకుండానే జనం దాన్ని తలెత్తి చూశారు. ఏం చూశారంటే, ఆ కిటికీల కింద ఉన్న నీలం, నారింజ, నలుపు రంగుల పెద్ద పళ్ళెం.

ఇంకో మాట. డిసెంబరు 27న ఇక్కడ పొద్దుగూకేది నాలుగు దాటి ఐదు నిమిషాలకి. మీరు నిలబడిన ఆ క్షణంలో పళ్ళెం మీద బంగారు సూర్యుడు సరిగ్గా అస్తమయం గీత దగ్గర ఉన్నాడు. పాత చెక్ లెక్కలో రోజు ముగిసే వేళ అది. అందరూ కిటికీలు చూస్తుంటే అసలు సంగతి మూడు అడుగుల కింద జరిగిపోయింది.

కిటికీసీటు | 27 డిసెంబరు, రాత్రి 10:21

అయ్యో. ఫోటోల్లో వెతికితే పళ్ళెం సగమే పడింది, మిగతా సగం ఎవరిదో సెల్ఫీ కర్ర. ఆ పళ్ళెం ఎలా చదవాలో కాస్త చెప్తారా? రేపు మధ్యాహ్నం రైలు. పొద్దున్న ఖాళీ ఉంది.

వల్తావా_వాసి | 27 డిసెంబరు, రాత్రి 10:58

చెప్తాను. ఓపిగ్గా చదవండి.

పళ్ళెం మధ్యలో చిన్న గుండ్రం భూమి. అప్పటికి కోపర్నికస్ పుట్టనే లేదు, కాబట్టి అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయి. పైనున్న నీలం భాగం పగటి ఆకాశం. దాని అంచు దిగంతం. ఎడమ పక్క సూర్యోదయం అనీ, కుడి పక్క అస్తమయం అనీ లాటిన్‌లో రాసి ఉంటుంది. నీలం కింద నారింజ రంగు సంధ్యవేళ. అట్టడుగున నల్లటి గుండ్రం నిండు రాత్రి.

పొడవాటి ముల్లు ఒకటి, దాని కొసన బంగారు చెయ్యి. ఆ ముల్లు మీదే చిన్న బంగారు సూర్యుడు. సూర్యుడు ఏ రంగులో ఉంటే బయట ఆకాశం ఆ స్థితిలో ఉన్నట్టు. ఎవరికైనా ఇది అర్థమవుతుంది, చదువు అక్కర్లేదు.

ఇక ముల్లు ఒక్కటే, లెక్కలు మూడు. రోమన్ అంకెల వలయం మన మామూలు టైము: పైన 12 మధ్యాహ్నం, కింద 12 అర్ధరాత్రి. దాని బయట నల్లటి వలయం మీద పాత జర్మన్ అక్షరాల బాణీలో బంగారు అంకెలు 1 నుంచి 24 వరకు. ఇది పాత చెక్ టైము. సూర్యాస్తమయంతో 24 పూర్తవుతుంది, అక్కణ్ణుంచి మళ్ళీ లెక్క మొదలు. అస్తమయం రోజూ మారుతుంది కాబట్టి ఆ వలయమే ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. మూడోది, నీలం భాగంలో వంపు తిరిగిన బంగారు గీతలు. పగలు ఎంత పొడుగైనా సరే, దాన్ని 12 భాగాలు చేస్తాయి. ఇప్పుడు ఇక్కడ పగలు ఎనిమిది గంటలే, కాబట్టి ఒక్కో భాగం 40 నిమిషాలు. జూన్‌లో అయితే 80 దాటుతుంది.

తిథివారం | 27 డిసెంబరు, రాత్రి 11:20

ఈ మూడో లెక్క విని నవ్వొచ్చింది. మనింట్లో రాహుకాలం అదే కదా! పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి ఒక భాగం రాహువుకి ఇస్తాం. క్యాలెండర్లో సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అచ్చేస్తారు గానీ, అది ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగూకే రోజుకి మాత్రమే. ప్రాగ్‌లో ఈ రోజుల్లో రాహుకాలం గంటే ఉండాలి, జూన్‌లో రెండు గంటలు.

పాత చెక్ లెక్క కూడా మనకి చుట్టమే. వాళ్ళు అస్తమయం నుంచి లెక్కపెడితే, మా తాతగారు ఉదయం నుంచి లెక్కపెట్టేవారు. జాతకంలో "సూర్యోదయాది గత ఘటికలు" అని రాసేది అదే. రోజుకి 60 ఘడియలు, ఘడియకి 24 నిమిషాలు.

వల్తావా_వాసి | 27 డిసెంబరు, రాత్రి 11:26

మా అత్తగారు హైదరాబాద్ రాహుకాలం చూసి మాకు ఇక్కడ ఫోన్ చేసి ఆపుతుంటారు. ఈ పోస్టు ఆవిడకి పంపిస్తున్నాను, తర్వాత నా గతి దేవుడెరుగు.

ఊరికే_అడిగా | 28 డిసెంబరు, అర్ధరాత్రి 12:05

ఎంత చెప్పినా మనకి జైపూర్ జంతర్ మంతర్ ఉంది. సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు. నీడ చూసి రెండు సెకన్ల తేడాతో టైము చెప్పేస్తుంది. దాని ముందు ఈ బొమ్మల గడియారం ఎంత?

పళ్ళచక్రం | 28 డిసెంబరు, ఉదయం 5:40

తెల్లారుజామున లేచే అలవాటు, అందుకే ఇప్పుడు చూశాను. మాది తెనాలి. నాన్నగారి నుంచి వచ్చిన గడియారాల షాపు, నలభై ఏళ్ళు రిపేర్లు చేశాను. క్వార్ట్జ్ వచ్చాక సెల్లు మార్చడమే పనైంది, మానేశాను.

అడిగాగారూ, మీరు పోల్చినవి రెండూ వేరు. జంతర్ మంతర్ చూసే పరికరం. ఎండ ఉండాలి, నీడ పడాలి. ఓర్లోయ్ ఆకాశాన్ని చూడదు, లెక్క కడుతుంది. మబ్బు పట్టినా, మంచు కురిసినా సూర్యుడెక్కడున్నాడో లోపలున్న ఇనుము చెబుతుంది. పైగా రెంటి మధ్యా మూడు వందల ఏళ్ళ తేడా.

ఆ ఇనుము సంగతి చెప్తాను, నాకు తెలిసింది అదే. లోపల ఒకే ఇరుసు మీద మూడు పెద్ద పళ్ళ చక్రాలు. ఒకదానికి 365 పళ్ళు, ఒకదానికి 366, ఇంకోదానికి 379. మూడింటినీ తిప్పేది ఒకే కొలత పినియన్లు, అంటే చిన్న పళ్ళ చక్రాలు, 24 పళ్ళవి. పళ్ళు తక్కువున్న చక్రం తొందరగా తిరుగుతుంది కదా. 366 పళ్ళది సూర్యుడి ముల్లు, రోజుకొక చుట్టు. 365 పళ్ళది రాశిచక్రం, అదే పళ్ళెం మీద తిరిగే పన్నెండు రాశుల వలయం, రోజుకి ఒక చుట్టు మీద ఇంకాస్త. ఏడాదికి సూర్యుడు 365 చుట్లు తిరిగేసరికి రాశిచక్రం 366 తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టు తేడానే సంవత్సరం. ఒక్క పన్ను తేడాతో పన్నెండు రాశుల్లోనూ సూర్యుణ్ణి తిప్పేశాడు మహానుభావుడు.

379 పళ్ళది చంద్రుడు. అది సూర్యుడి కంటే 13 పళ్ళు వెనకబడుతుంది. 379ని 13తో భాగించండి: 29.15 రోజులు. అసలు అమావాస్య నుంచి అమావాస్యకి 29.53. తేడా వచ్చింది చూశారా? అందుకే అప్పుడప్పుడు చంద్రుణ్ణి చేత్తో సర్దాలి. ఆ చిన్న తప్పు చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. పళ్ళు కోయడం ఎంత కష్టమో తెలిసినవాడు ఎక్కడ రాజీపడాలో అక్కడే రాజీపడ్డాడు.

కిటికీసీటు | 28 డిసెంబరు, ఉదయం 6:10

మాస్టారూ, నిద్ర మత్తు వదిలింది. ఆ చంద్రుడు సగం నలుపు, సగం వెండి గుండు కదా? అది కూడా తిరుగుతుందా?

పళ్ళచక్రం | 28 డిసెంబరు, ఉదయం 6:31

తిరుగుతుంది బాబూ. అందులో చిత్రమేమిటంటే ఆ గుండుకి బయటి నుంచి ఏ తీగా లేదు. గుండు బోలుగా ఉంటుంది, లోపల ఒక బరువు వేలాడుతుంది. ముల్లు పళ్ళెం చుట్టూ తిరిగేటప్పుడు గుండు తలకిందులవుతుంది గానీ, బరువు మాత్రం ఎప్పుడూ కిందికే చూస్తుంది. ఆ తేడాతో లోపలి మరచుట్టు కొంచెం కొంచెం కదిలి, గుండుని నెల రోజుల్లో ఒక్కసారి తిప్పుతుంది. పున్నమికి వెండి, అమావాస్యకి నలుపు. భూమ్యాకర్షణే కీ ఇస్తోందన్నమాట.

తిథివారం | 28 డిసెంబరు, ఉదయం 6:50

కిటికీసీటు గారూ, మీ అమ్మగారు పంచాంగం చూస్తారా? చూస్తే ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అక్కడ గొడవవుతుంది. ఈ రోజున ఆ గడియారంలో సూర్యుడు మకరంలో కనిపిస్తాడు. మనకేమో ధనుర్మాసం నడుస్తోంది, సంక్రాంతి ఇంకా రెండు వారాలు పైనే ఉంది.

కిటికీసీటు | 28 డిసెంబరు, ఉదయం 6:58

ఇప్పుడే అడిగా. "గడియారం తప్పు" అని తేల్చేసింది.

తిథివారం | 28 డిసెంబరు, ఉదయం 7:14

తప్పు కాదని చెప్పండి. వాళ్ళది సాయనం, మనది నిరయణం. వాళ్ళు పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి బిందువు నుంచి మేషం మొదలుపెడతారు. మనం నక్షత్రాల నుంచి మొదలుపెడతాం. ఆ బిందువు సుమారు 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. ఇప్పటికి 24 డిగ్రీల తేడా వచ్చింది, అదే అయనాంశ. అందుకే వాళ్ళ మకరం డిసెంబరు 21, 22కే వస్తుంది, మనది జనవరి 14, 15కి. నిజానికి ఉత్తరాయణం మొదలయ్యేది ఆ డిసెంబరు రోజునే, ఈ మాట మా తాతగారే ఒప్పుకునేవారు, ఇంట్లో వాళ్ళు వినకుండా.

చరిత్ర_చెత్తబుట్ట | 28 డిసెంబరు, ఉదయం 7:30

అందరూ యంత్రం గురించే మాట్లాడుతున్నారు, అసలు కథ చెప్పలేదు. దీన్ని చేసిన హనుష్ అనే పనివాడు ఇంకో ఊళ్ళో ఇలాంటిది చేయకూడదని ఊరి పెద్దలు ఆయన కళ్ళు పొడిపించారు. ఆయన చివరి రోజుల్లో తడుముకుంటూ వెళ్ళి చక్రాల్లో చెయ్యి పెట్టి గడియారాన్ని పాడుచేశాడు. వందేళ్ళు ఎవరూ బాగుచేయలేకపోయారు.

వల్తావా_వాసి | 28 డిసెంబరు, ఉదయం 7:41

కథ బావుంటుంది, ఇక్కడ గైడ్లందరూ చెప్తారు. కానీ కథే. గడియారం చేసింది కదాన్ ఊరి మికులాష్. దానికి ఖగోళ లెక్కలు కట్టింది ప్రాగ్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన యాన్ షిండెల్ అని చెబుతారు. 9 అక్టోబరు 1410 నాటి పత్రం ఉంది. 2010లో ఆ తేదీన 600 ఏళ్ళ పండగ చేసి గోపురం గోడ మీదే వెలుగుల బొమ్మలు ఆడించారు. హనుష్ వచ్చింది 1490 ప్రాంతంలో, ఎనభై ఏళ్ళ తర్వాత. 16వ శతాబ్దంలో గడియారాన్ని చూసుకున్న యాన్ తాబోర్‌స్కీ తన రాతల్లో హనుషే చేశాడని పొరపాటున రాశాడు, అది అలా నిలిచిపోయింది.

చరిత్ర_చెత్తబుట్ట | 28 డిసెంబరు, ఉదయం 7:55

సరే, వెనక్కి తీసుకుంటున్నా. తాజ్‌మహల్ కూలీల చేతులు నరికించారన్న కథకి అన్నదమ్ముడే అన్నమాట. ప్రతి ఊరికీ ఒకటి కావాలేమో.

కానీ గడియారానికి నిజంగా జరిగిన దెబ్బ ఉంది. మే 1945లో, యుద్ధం ముగిసే రోజుల్లో ప్రాగ్ జనం తిరగబడితే, జర్మన్ సైన్యం ఆ పాత టౌన్‌హాలు మీద కాల్పులు జరిపింది. భవనం తగలబడింది, చెక్క బొమ్మలు కాలిపోయాయి. ఇప్పుడున్న అపొస్తలులని వోయ్‌తెహ్ సుహార్దా తర్వాత చెక్కాడు. 1948లో మళ్ళీ నడిచింది. డబ్బు సంచి పట్టుకున్న పిసినారి బొమ్మ ఒకప్పుడు యూదు వడ్డీ వ్యాపారి బొమ్మ. యుద్ధం తర్వాత దాన్ని అలా పిలవడం మానేశారు. మానేయాల్సిందే కూడా.

ఊరికే_అడిగా | 28 డిసెంబరు, ఉదయం 8:02

అంటే నేను చూసిందంతా కొత్త సరుకేనా? పాతదేమైనా మిగిలిందా?

పళ్ళచక్రం | 28 డిసెంబరు, ఉదయం 8:20

ఇల్లు పాతదైతే ఎన్నిసార్లు కప్పు మార్చరు? చక్రాల చట్రం పాతదే. నడక సరిచేసే భాగం 1860ల్లో రోముఆల్ద్ బోజెక్ అనే ఆయన పెట్టింది. 1948లో కరెంటుతో నడిచేలా మార్చారు. 2018 జనవరిలో ఆపేసి, సెప్టెంబరు 28న మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ కరెంటు పరికరం తీసి 19వ శతాబ్దపు యంత్రాన్నే వెనక్కి పెట్టారు. మన దగ్గర సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. ఊరి గడియార స్తంభంలో లోలకం ఆగితే సెల్లు పెట్టేసి చేతులు దులుపుకుంటారు.

వల్తావా_వాసి | 28 డిసెంబరు, ఉదయం 8:45

2018 రిపేరుకి ఇంకో తోక ఉంది. కింద ఉన్న రెండో పళ్ళెం పంచాంగం. 365 గళ్ళు, ప్రతి గడికీ ఒక పునీతుడి పేరు, అర్ధరాత్రి ఒక గడి జరుగుతుంది. మధ్యలో పన్నెండు నెలల పల్లె పనుల బొమ్మలు. 1860ల్లో యోసెఫ్ మానెస్ వేశాడు. అసలుది మ్యూజియంలో ఉంది, బయట ఉండేది నకలు. 2018లో కొత్త నకలు పెట్టారు. నాలుగేళ్ళు గడిచాక 2022లో ఒక వారసత్వ సంఘం వాళ్ళు పాతదాంతో పోల్చి చూస్తే మొహాలు, బట్టలు వేరేగా ఉన్నాయి! పెద్ద రభస అయింది. రోజూ వేలమంది ఫోటోలు తీసే చోట నాలుగేళ్ళు ఎవరి కంటా పడలేదు.

కిటికీసీటు | 28 డిసెంబరు, ఉదయం 9:30

వెళ్ళొచ్చాను. వేడి కాఫీ పట్టుకుని రాస్తున్నా.

ఎనిమిదింటికి ముందే చేరాం, నేనూ అమ్మా. చౌరస్తాలో చెత్త ఊడ్చే బండి, మేమిద్దరం, అంతే. తలెత్తితే మొదట నా కంట పడింది చిన్న బంగారు నక్షత్రం ఉన్న ముల్లు. అది రోమన్ 2 దాటి ఉంది. గడియారం ఆగిపోయిందనుకుని గుండె జారింది. తర్వాత బంగారు చెయ్యి కనిపించింది, ఎడమ పక్క రోమన్ 8 మీద. దాని సూర్యుడు నారింజ రంగులోంచి నీలంలోకి కాలు పెడుతున్నాడు. మధ్యనున్న భూమికి బాగా దగ్గరగా ఉన్నాడు. బయట చూస్తే ఇళ్ళ కప్పుల వెనకాల ఆకాశం పాలిపోతోంది.

బయటి వలయంలో బంగారు చెయ్యి 16 దగ్గర ఉంది. నిన్న నాలుగింటి నుంచి లెక్కపెట్టాను. సరిగ్గా పదహారు.

గంట కొట్టే వేళకి అమ్మ అస్థిపంజరాన్నే చూస్తోంది. బొమ్మలాట తొమ్మిదింటి నుంచేనట, కిటికీలు తెరుచుకోలేదు. అయినా నిన్నటిది గుర్తు చేసుకుని "యముడు గంట కొడుతుంటే పక్కనున్న బొమ్మలు తల అడ్డంగా ఊపాయి చూశావా, ఇప్పుడే రామని" అంది. నేను అది గమనించనేలేదు.

ఆ నక్షత్రం ముల్లు సంగతేంటి?

తిథివారం | 28 డిసెంబరు, ఉదయం 9:44

అది నాక్షత్ర కాలం, అంటే సూర్యుణ్ణి కాక నక్షత్రాల నడకని బట్టి కొలిచే టైము. పైనున్న 12ని సున్నా అనుకుని లెక్కపెట్టండి. కింద 12 దాటి 2 అంటే 14 గంటలు దాటిందని. ఆ సమయానికి అంతే ఉండాలి, గడియారం బానే ఉంది. పళ్ళచక్రం గారు చెప్పిన 365 పళ్ళ చక్రమే దాన్ని తిప్పేది. సూర్యుడు భూమికి దగ్గరగా కనిపించడం కూడా సరైనదే. చలికాలంలో లోపలి గుండ్రం మీద, వేసవిలో బయటి గుండ్రం మీద తిరుగుతాడు. జూన్ మధ్యాహ్నం వెళ్తే నీలంలో బాగా పైన ఉంటాడు.

పళ్ళచక్రం | 28 డిసెంబరు, ఉదయం 9:58

బాబూ, 16 చదివావు కదా, దాన్ని 24లోంచి తీసెయ్. ఎనిమిది వస్తుంది. ఇంకా ఎనిమిది గంటల వెలుతురు ఉందని అర్థం. ఆ లెక్క ఎందుకు పెట్టుకున్నారో నాకు అక్కడ తెలిసొచ్చింది. దీపం ఖర్చున్న రోజుల్లో పనివాడికి కావలసింది టైమెంతయిందని కాదు, ఇంకెంత మిగిలిందని.

లోపలి చక్రాల ఫోటో ఏమైనా దొరికిందా?

వల్తావా_వాసి | 28 డిసెంబరు, ఉదయం 10:10

చక్రాల గదిలోకి మామూలుగా అందరినీ పోనివ్వరు మాస్టారూ. టికెట్ కొని టౌన్‌హాలు లోపలి ప్రార్థన మందిరంలోకి వెళ్తే మాత్రం గంట కొట్టేటప్పుడు అపొస్తలులని వెనక నుంచి చూడొచ్చు. రెండు చక్రాల మీద ఆరుగురు, ఆరుగురు. ఈసారి వెళ్ళినప్పుడు మీకోసం వీడియో తీస్తాను.

ఊరికే_అడిగా | 28 డిసెంబరు, ఉదయం 10:31

మార్చిలో ఆఫీసు పని మీద వియన్నా వెళ్తున్నా. అక్కణ్ణుంచి ప్రాగ్ రైల్లో నాలుగు గంటలంటున్నారు. ఊరికే అడిగా.

కిటికీసీటు | 28 డిసెంబరు, మధ్యాహ్నం 12:12

రైలెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని వాచీ చూసుకుని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి మా ఆవిడతో అంటోంది: "ఇంకా నాలుగు గంటల పొద్దుందే, అన్నం తినేసి పడుకో."